సేటుకు ఇచ్చిన అడ్మిన్ హక్కులు

ఎనుమాములలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి నేను కంప్యూటర్ పని చూస్తాను. సర్వర్ అక్కడి ఆఫీసు గదిలో ఉంటుంది. నేను హన్మకొండలో మా ఇంట్లో కూర్చుని దాని బాగోగులు కనిపెడుతుంటాను. సర్వర్ ఎలా నడుస్తోందో చూపుతూ నా ల్యాప్‌టాప్‌లో కదిలే గీతలను ఒకసారి యజమాని సేటు చూశాడు. అవి ఆయనకు తెగ నచ్చాయి. తన ఇంట్లో కూడా కనబడాలన్నాడు.

సర్వర్ పనితీరును చూడటానికి విడిగా ఒక గ్రూపు ఉంటుంది. అందులో చేర్చితే గీతలు కనబడతాయి, దేన్నీ ముట్టుకోలేరు. చేర్చాను. ఆయనకు ఏమీ కనబడలేదు. రెండు రోజులు కుస్తీ పట్టాను. మూడో రోజు సేటు ఫోన్ చేసి, "నా సర్వర్ నాకే కనబడదా బిడ్డా?" అన్నాడు. విసుగొచ్చి ఆయన్ని ఏకంగా, దేన్నైనా మార్చగల అడ్మిన్‌ను చేసేశాను. గీతలు వెంటనే కనబడ్డాయి. ఆయన సంతోషించాడు, నేను కునుకు తీశాను.

వారం తిరగకముందే సీజన్ మొదలైంది. గేటు దగ్గర బస్తాల బండ్లు బారులు తీరాయి. రైతులకు టోకెన్లిచ్చే ప్రోగ్రామ్ మీద భారం పడి సీపీయూ గీత తొంభై శాతానికి ఎక్కింది. సేటు లెక్కలో తొంభై అంటే డిగ్రీలు. మిర్చి లోపలే వేగిపోతోందనుకుని కారేసుకుని పరుగెత్తాడు. ఉత్త చొక్కాతో చాంబర్లోకి వెళ్లి వణుకుతూ బయటికొచ్చాడట. అయినా అనుమానం తీరలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, తొంభైకి కారణమైన ప్రోగ్రామ్‌ను వెతికి పట్టుకుని ఆపేశాడు. గీత దిగింది, టోకెన్లు ఆగిపోయాయి.

ఆ తర్వాత నాకు గర్వంగా ఫోన్ చేశాడు.

"తొంభై ఉండె. నాలుగుకు దించిన."

"కాకా, అది వేడి గాదు. మిషిన్ ఎంత కష్టపడుతాందో చెప్పే లెక్క."

"మరి జర ముందు చెప్పాలె గద," అన్నాడు. వెనక నుంచి రైతుల కేకలు వినబడుతున్నాయి.

ప్రోగ్రామ్‌ను మళ్లీ నడిపించి, మొదట్లో ఆయనకు గీతలు ఎందుకు కనబడలేదో వెతికాను. సేటు పేరుతో రెండు ఖాతాలున్నాయి. నేను గ్రూపులో చేర్చింది ఆయన వాడని పాత ఖాతాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. అసలు ఖాతాను గ్రూపులో చేర్చి, అడ్మిన్ హక్కులు తీసేశాను.

మర్నాడు ఆయనే ఏదో నొక్కి చూశాడు. అనుమతి లేదని వచ్చింది. "నా సర్వరే నన్ను వద్దంటాంది," అని చిన్నబుచ్చుకున్నాడు. నాలుగు రోజులు ఫోన్ లేదు. నిజం చెప్పాలంటే నాకు ఏమీ తోచలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం ఫోనొచ్చింది. "కింద ఇంకో గీత ఉంది. అది రోజు ఇంతింత పైకే పోతాంది, దిగుతలేదు. అది గూడ కష్టమేనా?"

చూస్తే డిస్క్ నిండిపోవడానికి వచ్చింది, నిండితే టోకెన్లు మళ్లీ ఆగేవి. హెచ్చరికలన్నీ నేను తెరవని ఒక మెయిల్‌కు పోతున్నాయి. పాత బ్యాకప్‌లు తీసేసి, ఆయనకు దండం పెట్టినంత పనిచేశాను.

"అయితే మల్ల అడ్మిన్ జేస్తవా?" అన్నాడు. చేయనన్నాను. ఆయన పట్టుబట్టలేదు. ఇప్పుడు రోజూ టిఫిన్ వేళకు ఫోన్ చేసి గీతలన్నీ చదివి వినిపిస్తాడు.