మరకలు కనపడొద్దని నల్లబట్టలు

ముందుగాల చెప్తున్న, ఎవ్వలూ నవ్వొద్దు! "మగ్గం నర్సింలుకు గింత భక్తి యాడికెల్లి పుట్టింది?" అని గల్లీ అంత ఒకటే గుసగుస. భక్తి లేదు, ఏం లేదు. పోయిన ఆదివారం మటన్ తినేటందుకు ఇంట్లకెల్లి ఎల్లిన, గంతే. ఏమైందో ఇనుండ్రి.

కార్తీకమాసం మా ఇంట్ల నీసు ముట్టరు. నెల దినాలు పప్పు, పచ్చిపులుసు, మల్ల పప్పు, మల్ల పచ్చిపులుసు! ఆఖరుకు మగ్గం మీద పోగులు గుడ నాకు బోటి లెక్కనే కనపడుతుండె. కార్తీకం అయిపోయిందో లేదో, మా ఆవిడ అన్న, రాయచూరు బావ దిగిండు. వచ్చుడుతోనే షురూ. "హోటళ్లంటే మా రాయచూర్ల ఉంటయి బావా. మీ దిక్కు ఏముంది, జొన్నరొట్టె, గొడ్డుకారం."

నాకు మండింది. "రా, చూపిస్త" అన్న. టూర్ ప్లాన్ ఏసిన. పొద్దుగాల ఎల్లి వనపర్తిల మటన్ పులుసు, పగటాల్లకు నాగర్‌కర్నూల్ల తలకాయ కూర, దీపాలు పెట్టే యాల్లకు ఇంటికి. గా రెండు హోటళ్ల పేరు చెప్తే మన దిక్కు చంటిపిల్లగాడు గుడ లొట్టలేస్తడు.

గీడనే నా తెలివి పని చేసింది. తెల్లపంచె మీద పులుసు పడితే మా ఆవిడ ఊకుంటదా? అద్దకమోల్ల బానల నల్లరంగు జర మిగిలుండె. పంచె, అంగి రెండూ ముంచిన. ఇగ ఎంత పులుసన్న పడనీ! పెండ్లి చీరె ఆర్డర్ ఉండి పదిహేను దినాల సంది మగ్గం గుంతలకెల్లి లేవలే, గడ్డం గుబురుగ పెరిగింది. చలికి గీస్కోబుద్ధి కాలే. పయనం పోతున్నమని మా ఆవిడ నొసట ఈబూది పెట్టింది.

గద్వాల బస్టాండ్ల జనం ఎగబడుతుండ్రు. అందరు సీటు కోసం కిటికీలకెల్లి తువ్వాల ఏస్తరు. తువ్వాల అయితే ఎవడన్న తీసి పక్కకు పడేస్తడు. చెప్పులైతే ఎవడు ముడతడు? చెప్పులు ఏసిన! నేను చుట్టు తిరిగి ఎక్కేలోపల ఆ బస్సు కదిలిపోయింది. "గది అయిజ బస్సు బావా, మనది గిది" అన్నడు బావ.

ఇగ నా అవతారం చూడుండ్రి. నల్లపంచె, నల్లంగి, గడ్డం, ఈబూది, ఒట్టికాళ్లు. ఇంటికి కూర తెద్దామని రెండు టిఫిన్ క్యారియర్లు మూటగట్టుకొచ్చిన. చలికి చేతులు కొంకర్లు పోతుంటే ఆ మూట నెత్తిన పెట్టుకున్న. అయ్యప్ప మాలలేసే కాలమని నాకు యాదికే లేదు!

బస్సుల ఒకాయన లేచి "కూసో స్వామీ" అని సీటిచ్చిండు. చలికాలం మనుషులకు జాలి ఎక్కువైతదేమో అనుకున్న.

వనపర్తి హోటల్ల అడుగు పెడితే ఆ వాసనకే కడుపు లేచి నిలబడ్డది. సర్వర్ వచ్చి బావ ముందల పళ్లెం పెట్టి, నన్ను చూసి మూడడుగులు ఎనుకకు జరిగిండు. సేటు గల్లా కాడికెల్లి ఉరికొచ్చిండు.

"స్వామీ, తప్పు! గీడ కూసోవద్దు, అంత నీసు!"

"నేను స్వామిని గాను సేటు. మటన్ తెప్పియ్యి."

"మాల ఏది మల్ల?"

"ఏసుకుంటే గద ఉండేది!"

"తినేటందుకు తీసి జేబుల పెట్టినవా?" సేటు రెండు చెవులు మూసుకున్నడు. "అయ్యో, గీ పాపం నా హోటల్‌కు వద్దు!"

హోటలంత నా దిక్కే చూస్తుంది. ఒక్క మాట చెప్తడేమోనని బావ దిక్కు చూసిన. బావ మూలుగ బొక్క పీల్చుకుంట, "స్వామికి రెండు అరటిపండ్లియ్యుండ్రి" అన్నడు!

నాగర్‌కర్నూల్ల దిగంగనే తెలివిగ నొసలు తుడుసుకున్న. ఎదురుంగ చాయ్ బండోడు చూసిండు. "స్వామి ఈబూది తుడిసి నీసు హోటల్‌కు పోతుండు!" అని ఒక్కటే ఒర్లుడు. ఇగ గడప గుడ దాటనియ్యలే. హోటలాయన పక్క కొట్టుకెల్లి ఇడ్లీ తెప్పిచ్చి, పైసల్ తీసుకోకుండ దండం పెట్టిండు. గా ఇడ్లీ మింగుతుంటే నిజంగ ఏడుపొచ్చింది.

బావకు జర జాలేసింది. "క్యారియర్లు ఇటియ్యి. నా పేరు మీద నింపిస్త, ఇంట్ల కూసోని తిను" అన్నడు. తలకాయ కూర ఉడుకుడుకుగ, రెండు క్యారియర్లు! వాపస్ బస్సుల ఆ మూట ఒడిల పెట్టుకుంటే తొడలు కాలుతున్నయి. మల్ల నెత్తికెక్కిచ్చిన. ఆ చలికి హాయిగనే ఉండె.

పక్క సీట్ల ఒక ముసలవ్వ కూసుంది. నన్ను చూసి, ఇరుముడి అనుకోని, కండ్లకద్దుకుందామని మూట మీద చెయ్యి పెట్టబోయింది. నా పానం పోయింది.

"వద్దవ్వా! ముట్టకు!"

"ఎంత నిష్ఠ బిడ్డా!" అని ఇంకింత వంగి మొక్కింది.

"అవ్వా, నేను స్వామిని గాను."

"అసలైనోల్లు గట్లనే అంటరు." సంచిలకెల్లి కొబ్బరికాయ తీసింది. "నా మనుమడు మూడు నెలల సంది మంచం పట్టిండు. దవాఖానలన్ని తిరిగినం. అయ్యప్ప గుట్ట దాంక నేను పోలేను. నువ్వే కొట్టు బిడ్డా" అని నా ఒడిల పెట్టి, కండ్లు తుడుసుకుంట ఊరు రాంగనే దిగిపోయింది. ఏ ఊరో, ఏం పేరో అడిగేంత తెలివి గుడ నాకు లేకపాయె.

ఇంటికొచ్చినంక మా ఆవిడ పళ్లెం పెట్టింది. ఒక దిక్కు తలకాయ కూర, ఒక దిక్కు కొబ్బరికాయ. ముద్ద కలిపిన. నోటి దాంక తెచ్చిన. గా అవ్వ మొఖమే కండ్లల్ల ఆడుతుంది. కోపం గుడ వచ్చింది, ఊరంత మందిల నేనే దొరికిన్నా అవ్వా అని. ముద్ద దించిన. రెండు క్యారియర్లు బావనే ఊడ్చిండు. తెల్లారి గుడికి పోయి గురుస్వామితోని మాల ఏయించుకున్న. నలభై ఒక్క దినాలల్ల ఇయ్యాలకు ఆరు అయినయి.

బావ మాత్రం రాయచూరు పోలే. "నువ్వు ప్లాన్ ఏసిన టూర్ నేను పూర్తి చేస్త" అని మొన్న పెబ్బేరు, నిన్న ఆత్మకూరు, ఒక్క హోటల్ ఇడుస్త లేడు. ఇంటికి రాంగనే తానం జేసి నా కాళ్ల మీద పడుతుండు. నేను గుడ భక్తే అనుకున్న.

"స్వామి కాళ్లు మొక్కితే మటన్ జల్ది అరుగుతుంది బావా" అంటుండు!