సుశీలక్క బిళ్లల్లోంచి ఏం కారింది

దెయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. కొలతకు అందనిదాన్ని నమ్మొద్దన్నదే నా చదువు. అయినా ఈ సంగతి రాయక తప్పదు. మా డిపార్ట్‌మెంటులో దీన్ని ఇప్పటికీ నా తెలివితేటల కథగా చెప్పుకుంటున్నారు.

తొంభైల్లో ఢిల్లీలో రీసెర్చ్ చేసేవాణ్ణి. మా ల్యాబ్‌లో తెనాలి సుశీలక్క నాకు సీనియర్. బిస్మత్ కలిసిన ఆక్సైడ్ పొడిని బిళ్లలుగా నొక్కి కొలిమిలో కాల్చేది. అవి విద్యుత్తును పట్టి ఉంచాలి. ఆమెవి మాత్రం వేడెక్కితే చాలు, కరెంటు కారిపోయేది.

"అక్కా, ఇవి బిళ్లలు కావు, జల్లెడలు" అనేవాణ్ణి.

"జల్లెడే లేరా. కారేది ఏంటో చూడాలిగా!" అనేది.

కాల్చేటప్పుడు కొంత బిస్మత్ ఆవిరైపోతుంది. దాంతో స్ఫటికంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట్లు కొన్ని ఖాళీ అవుతాయి. ఆ ఖాళీల్లోంచి ఆక్సిజన్ అయాన్లే గెంతుకుంటూ పోతున్నాయని ఆమె వాదన. ప్రొఫెసర్ గారు ఒప్పుకోలేదు. సరిగా కాలని బిళ్లలన్నారు, అవతల పారేసి వేరే టాపిక్ తీసుకోమన్నారు. ఏళ్ల తరబడి చేసిన పని. ఇక చదువు మానేస్తానని అక్క ఒక సాయంత్రం రైలెక్కింది. స్టేషన్‌కి వెళ్లి ఎక్కించింది నేనే.

మర్నాడు మధ్యాహ్నం ఆమె బిళ్ల ఒకటి వేడి చేసి ఊరికే కొలుస్తున్నాను. వెనకనుంచి స్పష్టంగా వినిపించింది.

"రఘూ, గాలి తీసేసి నైట్రోజన్ పెట్టి చూడరా."

తిరిగి చూస్తే ఎవరూ లేరు.

పెట్టాను. కారేవి ఎలక్ట్రాన్లయితే, ఆక్సిజన్ తీసేయగానే కరెంటు మారాలి. మారలేదు. అంటే కారేవి అక్క చెప్పిన అయాన్లే.

అప్పుడే టెక్నీషియన్ శర్మాజీ రెండు చాయ్‌లతో వచ్చాడు. "దీదీ కిధర్ గయీ? అభీ తో యహీఁ ఖడీ థీ!" అక్క ఎటెళ్లింది, ఇప్పుడే ఇక్కడ నిలబడి ఉందిగా అంటాడు. ఆమె ఊరెళ్లిందంటే నమ్మలేదు.

ఆ మర్నాడు మునిర్కాలో ఎస్టీడీ బూత్ నుంచి తెనాలికి ఫోన్ చేసి కొలత సంగతి చెప్పాను. అక్క మధ్యలోనే ఆపింది.

"నైట్రోజనా? అది నాకు నిన్న రైల్లో, నాగపూర్ దాటాక తట్టిందిరా. ఇంకా ఎవరికీ చెప్పందే నీకెలా తెలుసు?"

వారం తిరక్కుండా వెనక్కొచ్చింది. అన్ని బిళ్లల మీదా ఆ పరీక్ష చేసింది. డాక్టరేట్ తెచ్చుకుంది. నైట్రోజన్ ఆలోచనకు మాత్రం ప్రొఫెసర్ గారు అందరి ముందూ నా భుజం తట్టారు. నేను నోరు మెదపలేదు. అక్కా ఏమీ అనలేదు. ఆ సిగ్గు ఇన్నేళ్లయినా పోలేదు. కానీ ఆమె పక్క బల్ల మీద పనిచేశానని ఎక్కడైనా రొమ్ము విరుచుకునే చెబుతాను.

ఆ మాట నా చెవికెలా చేరిందో, శర్మాజీ ఎవరిని చూశాడో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. మాట ఎవరిదో మాత్రం తెలుసు. సుశీలక్కది.