పెనం మోతకు వచ్చిన బదులు

ముందే చెబుతున్నాను, ఇది అల్లి చెబుతున్నది కాదు. నేను డాక్టర్ని. రెండుసార్లు కోర్టులో ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పినవాణ్ణి. విన్నది విన్నానని, చూడనిది చూడలేదని ఎలా చెప్పాలో నాకు తెలుసు. ఇప్పుడూ అలాగే చెబుతాను. మెల్‌బోర్న్ శివార్లలో, పాయింట్ కుక్‌లో మనవాళ్ళ బార్బెక్యూలో ఒకసారి మొదలుపెడితే, "అంకుల్, ఆ నైట్ ఎన్ని బీర్లు?" అని ఒక కుర్రాడు నవ్వాడు. ఒక్కటీ లేదు. తుపాకీ ఉన్నచోట సీసా ఉండకూడదన్నది మా పట్టింపు. ఆ రాత్రి మేం చుక్క ముట్టలేదు.

మెల్‌బోర్న్‌కి తూర్పున నాలుగు గంటల దూరంలో, కొండల కింద ఒక చిన్న ఊళ్ళో నాది క్లినిక్. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే. ఆ ఊళ్ళో మాది కాక ఇంకొక్కటే తెలుగు ఇల్లు... రెడ్డన్నది. కడప మనిషి. పవర్ స్టేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. అరవై తొమ్మిదేళ్ళు. ఆయనకు జింకల వేట నేర్పింది కెల్విన్ అనే ముసలి రైతు. ఆ అడవి అంచునే కెల్విన్ పొలం. రెడ్డన్న దగ్గర నేను నేర్చుకున్నాను. అక్కడ తిరిగేవి సాంబార్ జింకలు. మన శేషాచలం వైపు కణితి అంటారే, అవే. ఎప్పుడో తెల్లవాళ్ళు ఓడల్లో తెచ్చి వదిలారు. "మనకంటే ముందే ఈడ ఉండిపోయేకి పీఆర్ తెచ్చుకున్యాయి సామీ" అని రెడ్డన్న నవ్వేవాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ రాత్రికి ముందటి ఏడు రెడ్డన్న గుండెకు రెండు స్టెంట్లు పడ్డాయి. ఆయన భార్య సరోజమ్మ వదిన నా క్లినిక్‌కి వచ్చింది. "వేటకు పోవద్దని నువ్వు చెప్తే వింటాడప్పా. డాక్టరువి నువ్వే కదా" అంది. నేను చెప్పలేదు. రిపోర్టులు బాగున్నాయి, నడక మంచిదే అన్నాను. నిజం చెప్పాలంటే, ఆయన మానేస్తే నాకు తోడు ఉండదు. అందులో నా స్వార్థమూ ఉంది. "నేను పక్కనే ఉంటాను వదినా, నాదీ పూచీ" అన్నాను. ఆమె వెళ్ళిపోయింది.

జూన్ నెల, ఇక్కడ నడి చలికాలం. గడ్డకట్టే చలి. ఇద్దరమే వెళ్ళాం. కెల్విన్‌కి మోకాలి ఆపరేషన్ అయింది, రాలేదు. వాగు ఒడ్డున గుడారం వేసుకున్నాం. అక్కడ ఫోను పనిచేయదు. లోయలో రేడియో కూడా అందదు. అందుకని కెల్విన్ రెడ్డన్నకు ఒక పద్ధతి నేర్పాడు, రెడ్డన్న నాకు నేర్పాడు. మంట దగ్గర ఉన్నవాడు పావుగంటకోసారి ఇనుప పెనం మీద గరిటెతో మూడుసార్లు కొట్టాలి. అడవిలో ఉన్నవాడు అది విని, చేతికర్రతో చెట్టు మాను మీద రెండుసార్లు కొట్టాలి. మూడుకి రెండు. అంటే క్షేమంగా ఉన్నానని. బదులు రాకపోతే వెతకడానికి బయల్దేరాలి. అంతే పద్ధతి.

మొదటి రోజు సాయంత్రం... అయిదు దాటింది. లోయలో అప్పటికే సగం చీకటి. వాగు అవతల గడ్డిలోకి ఒక మగ కణితి వచ్చింది. నల్లగా, గేదెదూడంత ఉంది. నేను తుపాకీ ఎత్తాను.

"వద్దులే డాక్టరూ, లైట్ పోతాంది. పొద్దున చూద్దాం" అని రెడ్డన్న నా చెవిలో అన్నాడు.

నేను వినలేదు. నొక్కాను.

అది ఎగిరిపడింది. ఒంగిపోయి, పొదల్లోకి పరుగెత్తింది. ఆ ఒంగటం చూస్తేనే తెలిసిపోయింది... కడుపుకు తగిలింది.

"ఎంత పని చేస్తివి సామీ!" అన్నాడు రెడ్డన్న. ఆయన గొంతులో కోపం లేదు. బాధ ఉంది. "తెల్లార్లూ నొప్పితో పడుంటాది అది."

నేను వెళ్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కాల్చినవాడు వెంటనే దాని వెనక పోకూడదట, తొందరలో అడుగుజాడలు తొక్కేస్తాడట. అదీ కెల్విన్ మాటే. "నేను పొయ్యి చూసొస్తా. చచ్చుంటే చోటు గుర్తు పెట్టుకోనొస్తా. బతికుంటే పొద్దున్నే పోదాం. నువ్వు ఈడ్నే ఉండి పెనం కొడ్తా ఉండు" అన్నాడు. ఇక్కడ చీకటి పడ్డాక జింకల్ని కాల్చకూడదు, చట్టం ఒప్పుకోదు. అందుకని తుపాకీ బండిలో పెట్టి తాళం వేశాడు. తలకు లైటు కట్టుకున్నాడు. చేతికర్ర తీసుకున్నాడు. వాగు వెంబడి దిగువకు వెళ్ళాడు. ఆ లైటు చెట్ల సందుల్లో కాసేపు ఊగింది. తర్వాత కనబడలేదు.

నేను మంట వేశాను. ఆరు గంటలకు మొదటిసారి పెనం కొట్టాను. ఠణ్... ఠణ్... ఠణ్...

వాగు హోరు తప్ప ఏమీ లేదు. అంతలో... దిగువ నుంచి... టక్. టక్.

చెక్క మీద చెక్క చప్పుడు. నింపాదిగా, రెండు. హమ్మయ్య అనుకున్నాను. టీ పెట్టుకున్నాను.

ఆరుంపావుకి కొట్టాను. బదులు వచ్చింది. ఆరున్నరకీ వచ్చింది. ఒకటి మాత్రం గమనించాను. చప్పుడు వాగు వైపు నుంచి కాస్త కాస్తగా ఎడమ పక్క గట్టు మీదికి జరుగుతోంది. జింక వాగు దాటి ఇటు గట్టెక్కి ఉంటుంది, ఈయనా వెనకే ఎక్కాడు అనుకున్నాను. స్టెంట్లు పెట్టుకుని ఆ గట్టు ఎక్కడమేమిటని విసుక్కున్నాను కూడా. ఏడున్నరయింది. మంచు దిగుతోంది. నాకేం దిగులు లేదు. కొడుతున్నాను, బదులు వస్తోంది. మూడో కప్పు టీ తాగుతున్నాను.

ఏడూముప్పావు. మూడు కొట్టాను. టక్... టక్. ఈసారి బాగా దగ్గర. గట్టు దిగి వచ్చేశాడు. మంట వెలుగు ఎక్కడ ఆగిపోతుందో, సరిగ్గా దాని అవతల. ఇరవై అడుగులుంటుందేమో.

"అన్నా! వచ్చేశావా? దొరికిందా?"

పలకలేదు.

"అన్నా?"

లైటు కూడా లేదు. అది అప్పుడు తట్టింది నాకు. ఆయన తల మీద లైటుంది కదా... ఇంత దగ్గర్లో ఉంటే కనబడాలి కదా. బ్యాటరీ అయిపోయిందేమో. నా టార్చి అటు వేశాను. యూకలిప్టస్ మాను ఒకటి, తెల్లగా. బెరడు చీలికలు వేలాడుతున్నాయి. కదలటం లేదు. గాలి లేదు. ఆ మాను పక్కన ఎవరూ లేరు.

టార్చి చంకలో ఇరికించుకుని, కిందికి చూడకుండానే పెనం అందుకున్నాను. మళ్ళీ కొడదామని గరిటె ఎత్తాను...

ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్పనివ్వండి. ఎందుకంటే అసలు సంగతి ఇదే.

గరిటె గాల్లో ఉంది. పెనానికి ఇంకా జానెడు దూరంలో ఉంది. నేను కొట్టలేదు. ఒట్టు... కొట్టలేదు. నా చెయ్యి ఆగిపోయి ఉంది.

టక్.

టక్.

నేను అడగకముందే బదులు వచ్చింది.

టార్చి వెలుగు ఆ మాను మీదే ఉంది. చప్పుడు ఆ మాను నుంచే వచ్చింది. బెరడు మీద మంచు పొడి కాస్త రాలటం కూడా చూశాను. కొట్టిన చెయ్యి మాత్రం లేదు.

ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. అప్పుడు ఒక్క ఆలోచన వచ్చింది, అది భయం కన్నా ఘోరంగా ఉంది. రెండు గంటలుగా నాకు బదులిస్తున్నది రెడ్డన్న కాకపోతే... రెడ్డన్న ఎక్కడ?

పెనం పారేశాను. గట్టు వైపు చూడలేదు. వాగు వెంబడి దిగువకు పరుగెత్తాను. అన్నా అన్నా అని అరుస్తూ. రాళ్ళ మీద రెండుసార్లు పడ్డాను. వెనక నుంచి చప్పుడు వస్తుందేమోనని వీపంతా చెవులై ఉంది. ఏమీ రాలేదు. వాగు హోరే.

ఎంతో దూరం వెళ్ళలేదు. ఒడ్డు కోసుకుపోయిన చోట, కింద గులకరాళ్ళ మీద ఆయన లైటు వెలుగుతోంది. సగం నీళ్ళల్లో, సగం బయట... రెడ్డన్న. తుంటి విరిగింది. పెదాలు నీలంగా ఉన్నాయి. నాడి చూశాను. ఉంది. పలచగా, తప్పుతూ తప్పుతూ ఉంది. పైకి లాగాను. నా కోటు కప్పాను. ఆయన జేబులో ఉండే గుండె మాత్ర తీసి నాలుక కింద పెట్టాను. నా నడుముకున్న అత్యవసర బీకన్, ఫోను లేనిచోట ఉపగ్రహానికి కబురు పంపేది, నొక్కాను. చేతులు రుద్దుతూ కూర్చున్నాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు.

కాసేపటికి కళ్ళు తెరిచాడు. నా వైపు చూడలేదు. నా భుజం పక్కకు చూశాడు.

"ఆయప్ప పొయినాడా?" అన్నాడు.

"ఎవరన్నా?"

"ఈడ్నే నిలబడుకోని కొడ్తా ఉన్యాడే. నా తలకాడ. నువ్వు పెనం కొట్టినప్పుడంతా, నా బదులు ఆయప్ప కొడ్తాండె. నాకు చెయ్యి లేస్తే కదా."

నేను చుట్టూ టార్చి తిప్పాను. తడి ఇసుక. నా బూటు గుర్తులు. ఆయన జారిన గుర్తు. అంతకు మించి ఏమీ లేవు. ఆయన చేతికర్ర నీళ్ళకు అవతల, అందనంత దూరంలో పడి ఉంది.

"నువ్వు ఊరికే ఉండినప్పుడు గూడా కొడ్తాండె" అన్నాడు మళ్ళీ. "నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా కొడ్తానే ఉన్యాడు."

నేను పరుగెత్తుకుంటూ వచ్చిన ఆ కాస్సేపూ నాకు ఏ చప్పుడూ వినబడలేదు.

హెలికాప్టర్ రావడానికి గంటన్నర పట్టింది. బతికాడు. తుంటికి ప్లేటు వేశారు. మర్నాడు పొద్దున నేను గుడారం తీయడానికి వెళ్ళి చూస్తే, ఆయన పడ్డ చోటు మా మంట నుంచి నూట యాభై అడుగులు కూడా లేదు. పిలిచాడట, గొంతు పోయేదాకా. వాగు హోరులో నాకు వినబడలేదు. ఆ కణితి అవతలి ఒడ్డున చచ్చి పడి ఉంది. దాని మాంసం ముట్టబుద్ధి కాలేదు.

అన్నీ ఆలోచించాను. చలికి ఒళ్ళు చల్లబడితే మెదడు లేనివి వినిపిస్తుంది. ఆయన సంగతి అలా సర్దుకోవచ్చు. నేను మంట దగ్గర వెచ్చగా ఉన్నాను కదా. లోయలో ప్రతిధ్వని అందామా, మూడు కొడితే మూడే తిరిగి రావాలి. ఆ అడవిలో లైర్‌బర్డ్ అని ఒక పక్షి ఉంది. గొడ్డలి దెబ్బనైనా, కెమెరా చప్పుడునైనా అచ్చం దించేస్తుంది. అదే అయుంటుందని కెల్విన్‌తో అన్నాను. ఆ ముసలాయన మోకాలికి ఐస్ పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుగుంకితే ఆ పక్షి నోరు విప్పదన్నాడు.

"చీకటి పడ్డాక కొట్టకూడదని రెడ్డికి చెప్పానే. చీకట్లో బండి హారన్ మోగించాలి. నీకు చెప్పలేదా?" అన్నాడు.

చెప్పలేదు. రెడ్డన్న మర్చిపోయి ఉంటాడు.

"ఎందుకు కొట్టకూడదు?"

"మా నాన్న వద్దన్నాడు. నేను ఎందుకని అడగలేదు."

రెడ్డన్న మాత్రం ఏ అనుమానమూ పెట్టుకోలేదు. కళ్ళు మూతలు పడే ప్రతిసారీ ఆ చప్పుడే లేపిందట. అది లేకపోతే నిద్రలోకి జారి పోయేవాణ్ణి అంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా చేతులు జోడిస్తాడు. నేను జోడించను. ఆయన్ని మెలకువగా ఉంచిన చప్పుడే నన్ను మంట దగ్గర నిశ్చింతగా కూర్చోబెట్టింది. అది మాకు మేలు చేసిందా, మాతో ఆడుకుందా... నాకు తెలియదు.

ఆసుపత్రిలో రెండో రోజు. సరోజమ్మ వదిన మంచం పక్కనే కూర్చుని ఉంది. రెడ్డన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంతసేపు వెతికినావు డాక్టరూ, నా కోసరం?"

వదిన నా ముఖంలోకే చూస్తోంది.

"రెండు గంటలన్నా" అన్నాను.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. వదిన లేచి నాకు దణ్ణం పెట్టింది.