ఊరికో కుడి

మా అవ్వకు మిగిలిన ఒక్క కన్ను కోసం దేవుడి కుడిపక్క ఏదో తేల్చుకోవడానికి మేము ఊళ్లు తిరిగాము. చెబితే నవ్వుతారు. నేను హిందూపురంలో సైన్సు అయ్యవారిని, అందరికంటే ముందు నేనే నవ్వాను.

ఆమె అమ్మను కన్న అవ్వ. ధర్మవరంలో మా మామ ఇంట్లో ఉంటుంది. మగ్గం పక్కన కూర్చుని తెగిన పట్టుపోగులు అతకడం ఆమె పని. పుట్టిల్లు మడకశిర అవతల, కన్నడ సీమ అంచున. అక్కడి ఆచారం ఒకటి ఆమె వెంట అత్తగారింటికి వచ్చింది. ఏ పెద్ద పని తలపెట్టినా దేవుణ్ణి పువ్వు అడగాలి. పూజారి విగ్రహం భుజాల మీద తడి పూలు అంటిస్తాడు. మనసులో మాట అడిగి నిలబడితే కాసేపటికి ఒక పువ్వు రాలుతుంది. కుడిపక్క రాలితే సరే అన్నట్టు, ఎడమపక్క రాలితే వద్దన్నట్టు. మా ఇంట్లో పెళ్లిళ్లు, బోర్లు, మామ మళ్లీ పదో తరగతి కట్టడం, అన్నీ అట్లా తేలినవే.

కొన్నేళ్ల కిందట అవ్వ ఎడమ కంటికి పొర వచ్చింది. ఆపరేషనుకు ముందు పువ్వు అడిగింది. పువ్వు రాలింది గానీ ఎటు రాలిందో ఆమెకు సరిగా కనబడలేదు.

"ఏ పక్క పడిందిరా?" అంది.

"కుడిపక్కే" అన్నాను. సరే అనుకుని చేయించాము. ఆపరేషను బాగానే అయింది. తలకు నీళ్లు తగలకూడదని ఆస్పత్రిలో పదిసార్లు చెప్పారు. మూడో రోజు ఉగాది. పండగ పూట తలకు పోసుకోకుండా ఎట్లా అని, మేమెవరూ చూడకుండా కుంకుడుకాయ రసంతో సుబ్బరంగా తలంటుకుంది. కంటికి చీము పట్టింది. ఎన్ని మందులు వేసినా ఆ కన్ను దక్కలేదు.

అవ్వ డాక్టరును ఒక్క మాట అనలేదు. దేవుణ్ణీ అనలేదు. కుంకుడుకాయలను అసలే అనలేదు. రెండు నెలలు ఆలోచించి, ఒకరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

"నువ్వు చెప్పింది నీ కుడి. ఆయన మన తట్టు తిరిగి ఉంటాడు గదా, ఆయనకు అది ఎడమ. సామి వద్దని చెప్పినా మనం ఇనకపోతిమి."

నాకు ఒళ్లు మండింది. కుంకుడు రసం సంగతి గట్టిగానే చెప్పాను. ఆమె తల ఊపి మళ్లీ అదే మాట అంది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. కుడి అని చెప్పిన నోరు నాదే.

పోయిన ఏడాది రెండో కంటికీ పొర వచ్చింది. ఎర్ర పోగుకు పచ్చ పోగు అతికేసింది. లోటాలో పోయాల్సిన నీళ్లు నా కాళ్ల మీద పోసింది. హిందూపురంలో డాక్టరుకు చూపిస్తే ముదిరిపోతోంది, ఆలస్యం చేస్తే కష్టం అన్నాడు. అవ్వ మాత్రం మంచం దిగనంది.

"పువ్వు అడగాల. ఎవురి కుడో ఈసారి ముందే తేల్చుకోవాల."

మా మామ వీధిలోనే ఆంజనేయస్వామి ఉన్నాడు. కానీ ఆయన ముఖం పక్కకు తిప్పి ఉంటాడు కాబట్టి లెక్క తేలదని అవ్వ ఆయన్ని పక్కన పెట్టింది. రెండు వీధుల అవతల, ఎదురుగా చూసే సామి దగ్గరికి పోయాము. అక్కడి పూజారి ఎన్నో ఏళ్లుగా పూలు అంటిస్తున్నాడు. అవ్వ అడిగిన ప్రశ్న ఆయన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"సామీ, కుడి అంటే ఎవురిది? ఆయనదా, మాదా?"

ఆయన మా వైపు తిరిగి కుడిచెయ్యి ఎత్తాడు. దేవుడి వైపు తిరిగి మళ్లీ కుడిచెయ్యి ఎత్తాడు. చెయ్యి ఒకసారి ఒక గోడను, ఇంకోసారి ఇంకో గోడను చూపించింది.

"పువ్వు ఆయన మీదిది గదవ్వా. కుడీ ఆయనదే" అని తేల్చాడు.

తర్వాత ఫ్యాను దగ్గర నేను పేచీ పెట్టాను. సామి ముందు ఎవరో దాత ఇచ్చిన ఫ్యాను ఉంది, మూడు రెక్కల మీదా ఆయన పేరే రాసి ఉంది. గాలికి రాలిన పువ్వు దేవుడి మాట ఎట్లా అవుతుందని అడిగి దాన్ని ఆపించాను. గంట గడిచింది. దాత పేరు మూడుసార్లు చదువుకున్నాను. ఒక్క పువ్వూ కదల్లేదు. ఇంట్లో భోజనానికి కాచుకున్నారని పూజారి రెండుసార్లు అన్నాడు.

"గాలి మాత్రం ఎవురిదప్పా? ఫ్యాను ఎయ్యి సామీ" అంది అవ్వ.

ఫ్యాను తిరిగిన రెండు నిమిషాలకు పువ్వు రాలింది. మాకు కుడిపక్క, అంటే సామికి ఎడమ. "వద్దంటాండాడు" అని అవ్వ కొంగు సర్దుకుని లేచింది.

అవ్వ మోకాళ్ల నొప్పికి ఇద్దరు డాక్టర్లకు చూపించినప్పుడు ఇద్దరు దేవుళ్లను అడిగితే తప్పేమిటని నేనే బతిమాలాను. ఆ ఆదివారం పెనుకొండకు పోయాము. అక్కడ మా చిన్నమ్మ ఉంది, అవ్వ చిన్న కూతురు. వాళ్ల ఇంటికి దగ్గరి గుడిలో పూజారి కుర్రవాడు. అవ్వ ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పాడు.

"భక్తునిదే అవ్వా. అడిగేది మీరు, అర్థం కావాల్సింది మీకు."

పువ్వు మాకు ఎడమపక్క రాలింది. ఇక్కడా వద్దనే.

చిన్నమ్మ వాళ్ల అరుగు మీద పాత క్యాలెండరు కాగితం వెనక గీతలు గీసి అవ్వకు పాఠం చెప్పాను. ధర్మవరం లెక్కతో చూస్తే ధర్మవరం పువ్వు వద్దంది. పెనుకొండ లెక్కతో చూస్తే పెనుకొండ పువ్వు వద్దంది. కానీ పెనుకొండ లెక్కను ధర్మవరం పువ్వుకు వేసినా, ధర్మవరం లెక్కను పెనుకొండ పువ్వుకు వేసినా, రెండూ సరే అన్నట్టే.

"ఊరికో కుడి ఉంటాదేమిరా?" అంది అవ్వ.

"అదే చెప్తాండా. దీంట్లో నిజం లేదు."

"నిజం లేదని చెప్పే పువ్వు యాడ పడింది?"

అప్పుడు చిన్నమ్మ లోపలి నుంచి ఒక డబ్బా తెచ్చింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె చర్చికి పోతుంది. కొత్త సంవత్సరానికి చర్చిలో ఒక్కొక్కరు బైబిలు మాట రాసిన ఒక్కో వాగ్దానం చీటీ తీసుకుంటారు, మిగిలినవి ఆమె డబ్బాలో దాచింది. అవ్వ ఒకటి తీసింది. శత్రువులు పారిపోతారని ఉంది.

"నాకెవురే శత్రువులు?" అంది అవ్వ.

"ఇంకోటి తియ్యిమా" అంది చిన్నమ్మ. రెండోదాంట్లో సంతానం కలుగుతుందని ఉంది. అవ్వకు ఎనభై దాటాయి. మూడోదాంట్లో వెలుగు మాట వచ్చింది. చిన్నమ్మ కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పింది.

"మూడోసారికి వస్తే అది దేవుడు చెప్పినట్టా, మనం చెప్పించినట్టా చిన్నమ్మా?" అన్నాను.

"నీ నడుము నొప్పికి ముగ్గురు డాక్టర్ల కాడికి పోతివి గదా. ఆపరేషను వద్దన్నోని మాటే గదా ఇంటివి?"

అది నిజమే. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

చిన్నమ్మ పెట్టిన చిత్రాన్నం తిని చెయ్యి కడుక్కుంటూ అవ్వ చెప్పింది, "హిందూపురం పోదాం పా. చేయించుకుంటా."

"ఏ పువ్వు మాట ఇంటివి అవ్వా?"

"పువ్వు యాడ పడిందో చూసేకి నాకు కన్నుండాల గదా. ఎంతసేపని మిమ్మల్ని అడిగేది? కన్ను తెచ్చుకుని నేనే పోయి, చేయించుకోమంటావా వద్దంటావా అని సామిని అడుగుతా."

ఆ మాటలో తప్పు ఎక్కడుందో చెప్పడానికి నోరు తెరిచి, పని చెడిపోతుందని మూసుకున్నాను.

ఆస్పత్రిలో అవ్వకు ఆకుపచ్చ గౌను తొడిగి బల్ల మీద కూర్చోబెట్టారు. లోపలికి పంపే ముందు, ఆపరేషను చేసే కంటి పైన నుదుటి మీద గుర్తుగా చిన్న ప్లాస్టరు ముక్క అతికించాలి. నర్సు పక్క బల్ల మీదున్న ఇంకో రోగికి కంట్లో చుక్కలు వేస్తోంది. కాగితం చూసి, "కుడి కన్ను సార్, మీరే అతికించండి" అని ముక్క చింపి నా చేతికిచ్చింది. నేను అవ్వకు ఎదురుగా నిలబడి ఉన్నాను. అతికించాను. నెమ్మదిగా, మధ్యవేలితో నొక్కి మరీ అతికించాను.

అవ్వ చెయ్యి పైకెత్తి ప్లాస్టరును తడిమింది. దాని కింది కన్నును తడిమింది. తర్వాత రెండో కన్నును తడిమింది.

"ఏమప్పా, ఇది ఎవురి కుడి?" అంది.

ప్లాస్టరు నా కుడిపక్క, ఆమె పోయిన కంటి పైన ఉంది. పీకి రెండో పక్క అతికించాను. నర్సు ఇటు తిరగనే లేదు. నా తప్పు లోపల డాక్టరు కనిపెట్టేవాడే, ఒక కన్ను పోయి ఉన్నదని ఆయనకు తెలుసు, కాగితంలోనూ ఉంది. కనిపెట్టి ఉండేవాడని నా నమ్మకం. నమ్మకమే, ఇంకేమీ లేదు. బయట బెంచీ మీద కూర్చుని, ఏ దేవుడికో తెలియకుండా చేతులు జోడించాను.

కట్టు విప్పినప్పుడు అవ్వ ముందు నన్నే చూసింది. "ఏమిరా, ఇంత నెరిసిపోయినావు?" అంది. నాకు ఏడుపు వచ్చింది. ఈసారి నెల రోజులు కుంకుడుకాయల జోలికి పోలేదు. పోయినసారి తప్పు కుంకుడుకాయలది కాదన్నావు కదా అంటే, "డాక్టరు చెప్పినాడు గదా" అంది.

ఆ తర్వాత అన్న మాట ప్రకారం ధర్మవరం గుడికి పోయింది. నేను బయట చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. చాలాసేపటికి నల్లద్దాలు సర్దుకుంటూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగింది.

"అడిగితివా?"

"అడిగితి."

"ఏ పక్క పడింది?"

"నువ్వు నమ్మవు గదా. నీకెందుకు?"

నన్ను రైలెక్కిస్తానని ఆమె కూడా వచ్చింది. రైల్వే స్టేషను దాకా ఆటోలో అడుగుతూనే ఉన్నాను. ఆమె షాపుల బోర్డులన్నీ పైకి చదువుతూ కూర్చుంది. ఆపరేషను అయిపోయింది, కన్ను వచ్చింది, ఇక ఆ పువ్వు ఎటు పడితే నాకేమిటి? అయినా నాకు తెలుసుకోవాలని ఉంది. పోయిన వారం కూడా ఫోను చేసి అడిగాను.