అంకమ్మ నవ్వు చేసి చూపించిన చెంగయ్య

పుంగనూరు సంతలో పశువుల బేరం తువ్వాలు కింద జరుగుతుంది. దళారి కొనేవాడి చెయ్యి పట్టుకుని, పైన తువ్వాలు కప్పి, వేళ్లు నొక్కి ధర చెబుతాడు. ఆ సమయంలో మొహం ఇసుమంత కదిలినా బేరం చెడినట్టే. చెంగయ్య ముప్పయ్యేళ్లు ఆ పని చేశాడు. మొహం కట్టెబారిపోయింది. పెళ్లైనా చావైనా అదే మొహం.

అలాంటివాడికి టీవీ కామెడీ స్కిట్ల పిచ్చి. చూసేవాడే గానీ నవ్వేవాడు కాదు. ఎద్దు పళ్లు చూసినట్టు చూసేవాడు. ఎవడు డైలాగు మింగేశాడు, ఎవడు పక్కవాడి జోకు మీద పడి చంపేశాడు, అన్నీ పట్టేసేవాడు. రామసముద్రంలో పుట్టి హైదరాబాదు చేరిన ఆడవేషాల గురుమూర్తి ఒక్కడే పనిమంతుడని అతని తీర్పు.

అందులోనూ రేషన్ అంగడి స్కిట్టు. చీర కట్టిన గురుమూర్తి వేలిముద్ర మిషను మీద పది వేళ్లూ పెడతాడు. ఒక్కటీ పడదు. "నువ్వు నువ్వు కాదంటాంది మిషను," అంటాడు డీలరు. గురుమూర్తి మిషను వైపు చూస్తాడు. మూడు ఊపిర్లు తీసేంతసేపు ఊరికే చూస్తాడు. "అట్లయితే మా ఇంట్లో అంట్లు తోముతాండేది ఎవురప్పా?"

నిరుడు మదనపల్లె ఆసుపత్రి టీవీలో ఆ స్కిట్టు వస్తే, మంచంలో ఉన్న చెంగయ్య భార్య అంకమ్మ ఆ మాటకు నవ్వింది. మూడు వారాలుగా నోరు విప్పని మనిషి మంచం కిర్రుమనేలా నవ్వింది. ఆమె వేళ్లు కూడా ఊరి రేషన్ మిషన్లో ఏనాడూ పడలేదు. మరో ఎనిమిది రోజులకు పోయింది.

ఈ సంగతి గురుమూర్తికి చెప్పాలి. ఏడాదిగా చెంగయ్యకున్న కోరిక అదొక్కటే. కుప్పంలో కొత్త బట్టల అంగడి ప్రారంభానికి వస్తున్నాడని తెలిసి, పొద్దున్నే బస్సెక్కి, మిట్టమధ్యాహ్నం ఎండలో ముందు వరుసలో కూర్చున్నాడు.

గురుమూర్తి చీరలో అరగంట ఆడాడు. జనం పడీపడీ నవ్వారు. ముందు వరుసలో ఒక్క మొహం మాత్రం కదల్లేదు. గురుమూర్తికి ఒళ్లు మండింది.

"ఏం పెద్దాయనా, పెండ్లాం సచ్చినోడి మాదిరి కూర్చోనుండావు?" అన్నాడు మైకులో.

"అవునప్పా," అన్నాడు చెంగయ్య, అదే మొహంతో.

ఆ రోజు మొత్తానికి పెద్ద నవ్వు అదే. ఈలలు ఆగలేదు. గురుమూర్తి ముచ్చటపడి, ఆట ముగిశాక అంగడి వెనక గదికి పిలిపించాడు.

"టైమింగు భలే ఉండాదే నీకు! యాడ నేర్సినావు?"

చెంగయ్య చెప్పాడు. రేషన్ స్కిట్టు, ఆ మూడు ఊపిర్లు, ఆసుపత్రి, అంకమ్మ. ఏడాదిగా మనసులో వల్లె వేసుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"అదా?" గురుమూర్తి చీర పిన్నులు తీసుకుంటూ అన్నాడు. "అప్పుడు డైలాగు మర్సిపోయినానప్పా. కెమెరా వెనక నించి అందిస్తే సెప్పినా."

చెంగయ్య భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"అయినా ఆసుపత్రి పాయింటు బాగుండాది. సచ్చే మనిషి నవ్వేది." గురుమూర్తి తన స్కిట్లు రాసే రాజేంద్ర వైపు తిరిగాడు. "రాసుకోరా. పెద్దాయనా, ఆయమ్మ ఎట్ల నవ్వింది? చేసి సూపీ."

లేచి వచ్చేయొచ్చు. కానీ అడుగుతున్నది గురుమూర్తి. చెంగయ్య గొంతు సవరించుకున్నాడు. అచ్చం అంకమ్మలాగే ముందు తెగని దగ్గు, ఆపైన ముక్కులోంచి గాలి, చివర్లో కోడిపెట్ట అరిచినట్టు నవ్వు. గదిలో వాళ్లు పొట్టలు పట్టుకున్నారు.

"వీడియో తీస్తాండా, మళ్లా చెయ్యి," అన్నాడు రాజేంద్ర.

మళ్లీ చేశాడు.

"దగ్గు వద్దప్పా, సాగుతాండాది. నేరుగా నవ్వులోకి వచ్చెయ్," అన్నాడు గురుమూర్తి.

మూడోసారి దగ్గు తీసేసి చేశాడు. గదిలో నవ్వు రెట్టింపయింది. చెంగయ్య అది గమనించాడు.

"ఇట్లే మేలప్పా," అన్నాడు.