కొలిమి మామ స్టీలుకు నేను వేసిన దండ

ఆ రోజుల్లో హైదరాబాదు నాచారం ఫ్యాక్టరీల గాలి పీలిస్తే చాలు, ఏ షెడ్డులో ఏం కరుగుతోందో చెప్పగలనని నాకు గొప్ప నమ్మకం. (నిజానికి మసాలా ఫ్యాక్టరీ వాసన తప్ప ఇంకేదీ గుర్తుపట్టేవాణ్ని కాదు.) లోహశాస్త్రం పట్టా చేతికొచ్చిన కొత్త, ఇనుము నా మాట వింటుందనుకునే వయసు. మా కంపెనీలో ఇప్పటికీ దసరా వచ్చిందంటే ఒక కథ చెప్పుకుంటారు. మహిమగల స్టీలు ఒకటి పుట్టిందట, దండ తీసేసి ఒక కుర్రాడు దాన్ని పాడుచేశాడట. ఆ కుర్రాణ్ని నేనే. కథలో మాత్రం నిజం బహు తక్కువ. అది చెప్పడానికి ఇన్నేళ్లు తీసుకున్నందుకు సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

బాయిలర్ లోపల, మంటల మధ్య, ఆవిరి గొట్టాలను పట్టుకుని వేలాడే కొక్కేలు ఉంటాయి. ఎర్రగా కాలుతూ కూడా అవి సాగకూడదు. అందుకు పోసే స్టీలులో నికెల్ ఎక్కువ ఉండాలి, నికెలేమో ఖరీదు. దాన్ని తగ్గించి, మాంగనీసు పెంచి, అంతే గట్టి స్టీలు తీయాలని మా పెద్దసారు పట్టుదల. కోస్తా నుంచి వచ్చిన మనిషి, ఫార్ములాలు ఆయనవి. వాటి ప్రకారం స్టీలు కరిగించి పోసేది, మేమంతా మామ అని పిలిచే చిల్కానగర్ మామ. ఊళ్లో పొలాలు ప్లాట్లయ్యాక కొలిమి దగ్గరికి వచ్చినవాడు. అంతకుముందు పోసిన స్టీళ్లన్నీ పరీక్షలో సాగిపోయాయి. ఫార్ములా తప్పని సారు ఒప్పుకుంటాడా? "ఈసారి కూడా సాగిందంటే తప్పు పోతలోనే ఉన్నట్టు. కొలిమి ఇంకొకరికి అప్పగిస్తాను," అని అందరి ముందూ అనేశారు. మామ ముఖం చిన్నబోయింది.

పరీక్ష అంటే ఏమీ లేదు. వేలెడు స్టీలు కడ్డీని చిన్న కరెంటు కొలిమిలో కాలుస్తూ, పొడవాటి మీటతో లాగుతారు. మీట చివర బరువుల పళ్లెం వేలాడుతుంది. కడ్డీ వెంట్రుకవాసి సాగినా డయల్లో ముల్లు కదులుతుంది. వారాల తరబడి నడిచే ఈ మిషన్‌ను మధ్యలో ఆపడానికి వీల్లేదు. మామ కొత్త కడ్డీ అందులో పెట్టిన రెండు రోజులకే ఆయుధపూజ వచ్చింది.

"మిషన్ ఆపొద్దు, ముట్టుకోవద్దు," అన్నారు సారు. మామకు ప్రాణం ఒప్పలేదు. "అన్నిటికీ దండలేసి దీనికెయ్యకుంటే ఎట్ల బిడ్డా? నా బతుకంత దీంట్లనే ఉన్నది. జర మంచిగ కట్టు," అని బంతిపూల దండ నా చేతిలో పెట్టాడు. నేను మంచిగానే కట్టాను. పూలు కొలిమికి తగిలి కాలిపోతాయని దూరదృష్టితో ఆలోచించి, దండను మీట చివరకు, పైనున్న ఇనుప దూలానికి కలిపి బిగించి చుట్లు చుట్టాను. దండ గుచ్చింది నైలాను తాడుతో. (నా చదువు మొత్తంలో నేను కట్టిన గట్టి ముడి అదొక్కటే.)

సెలవులయ్యాక చూస్తే ముల్లు దండ కట్టిననాడు ఉన్నచోటే ఉంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పెద్దసారు డయల్‌ను వేలితో తట్టి, కళ్లజోడు తుడుచుకుని, "ఫార్ములా అంటే ఇదయ్యా!" అన్నారు. "ఫార్ములా ఏంది సారూ, పోత సూడు పోత," అని మామ మీసం దువ్వాడు. స్వీట్లు పంచాడు. వాడిపోయిన దండ తీయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏయ్, తియ్యకు! అంత ఆ దండతోనే అయితుంది!"

అంత నిజం ఆ షెడ్డులో ఆ రోజు మరెవరూ పలకలేదు.

బాయిలర్ కంపెనీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసిన ఉదయం, మిషన్ తుడుస్తూ ఎండుపూలు రాల్చాను. లోపల తాడు వీణతీగలా బిగిసి ఉంది. వేలితో మీటితే మోగింది కూడా. బరువంతా అదే మోస్తోంది, కడ్డీ హాయిగా వెచ్చగా విశ్రాంతి తీసుకుంటోంది. చెబితే మామ కొలిమి పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. చెప్పకపోతే ఈ కొక్కేలు ఎక్కడో బాయిలర్‌లో వేలాడతాయి, వాటి కింద మనుషులు నడుస్తారు. చివరికి కత్తెర తెచ్చి కోసేశాను. పళ్లెం దభీమని దిగింది. ముల్లు నడక మొదలుపెట్టింది.

చప్పుడుకు అందరూ వచ్చారు, ఇన్‌స్పెక్టరుతో సహా. "దండ ఎవరు తీశారు?" అన్నారు సారు. "నేనే సార్, తాడు..." అనబోయాను. సారు తెగిన కొసలను చూశారు, మీటను చూశారు, నన్ను చూశారు. ఆయనకు అంతా అర్థమైందని నాకు అర్థమైంది. నా మాట పూర్తికాకుండానే ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, "మా కుర్రాడండీ, పూజ దండ తీసేశాడు," అన్నారు దిగులుగా. ఇన్‌స్పెక్టరు నుదుట పెద్ద కుంకుమబొట్టు. "అయ్యో, తీయకూడదు కదండీ," అని నొచ్చుకుని, ఇంకో పోతకు గడువిచ్చి వెళ్లాడు.

అలా అందరూ బతికిపోయాం. తప్పు దండమీదికి పోయింది కాబట్టి మామ కొలిమి మామకే మిగిలింది. నా ఉద్యోగం ఖాయమైంది. (సారుకు నా నోరు మూసి ఉంచడం అవసరం.) నికెల్ గుట్టుగా కొంచెం పెంచాక స్టీలు కూడా నిలబడింది. మామ మాత్రం రిటైరయ్యేదాకా నాతో మాట్లాడలేదు. "బంగారమసొంటి స్టీలును ఆగం జేసిండు," అని కొత్తవాళ్లందరికీ నన్ను చూపించేవాడు. నేను తల దించుకునేవాణ్ని. అది అణకువ అని కొందరు మెచ్చుకున్నారు కూడా.

మొన్న దసరాకు ముందు చిల్కానగర్ వెళ్లి మామకు అంతా చెప్పాను. తాడు, మీట, కత్తెర, ఏదీ దాచలేదు. ఆయన చాయ్ చల్లారేదాకా విన్నాడు. "అయితే ముల్లు కదల్లేదన్నది నిజమే గదా?"

"నిజమే మామా. కానీ తాడు పట్టుకోబట్టి..."

"తాడును ఎవరు పట్టుకున్నరు మరి?" అని వేలు పైకి చూపి నవ్వి, "ఊకో బిడ్డా. గిన్నేండ్లకొచ్చి మల్ల కొయ్యకు," అన్నాడు.

ఆయుధపూజనాడు ఆ మిషన్‌కు దండ వేయబోయిన కొత్త ట్రైనీ అమ్మాయిని ఆపి, బొట్టు పెడితే చాలన్నాను. "ఎందుకు సార్?" అంది. చెప్పడానికే నోరు తెరిచాను. గుమ్మంలో మామ నిలబడి ఉన్నాడు, పూజకని పిలిస్తే వచ్చాడు.

"ఈ మిషన్‌కు దండ పడదమ్మా," అన్నాను.