మా వదిన గుర్రం ఆగే చోట్లు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున మా వదిన చనిపోయింది. గుర్రానికి సాయంత్రానికని ఉలవలు నానబోసి, చేతులు కొంగుకు తుడుచుకుని, గోడకు ఒరిగి కూర్చుందట. మళ్ళీ లేవలేదు. నేను పంతులుగా ఉన్న ఊరికి మధ్యాహ్నానికి కబురు అందింది. మా ఊరు కల్వకుర్తి చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. దొడ్లో ఆ ఉలవల కుండ చూశాకే వచ్చింది.

మా అన్న జట్కా తోలేవాడు. యుద్ధం రోజుల్లో ఒకనాడు పాత గుర్రం కాలు జారి జట్కా బోల్తాపడింది. గుర్రం చచ్చిపోయింది, అన్న కాలు విరిగింది. దవాఖాన నుంచి తెచ్చి మంచంలో పడుకోబెట్టాం. ఆ తర్వాత ఎలాగో ఒక పడుచు ఎర్ర గుర్రాన్ని తెచ్చాం కానీ, దానికి బండి అంటే ఏమిటో తెలియదు. ఆకు కదిలినా ఎగిరిపడేది. అన్న లేచి నడిచేసరికి అది జట్కాకు అలవాటు పడకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

"రోజు పొద్దుగాల రెండు గంటలు దానికే ఇయ్యాలె. ఇంకో పని పెట్టుకోవద్దు," అన్నాడు అన్న మంచంలోంచి.

"రెండు గంటలు యాడికెల్లి తేవాలె? నీళ్లెవరు తేవాలె, జొన్నలెవరు ఇసరాలె, అత్తకు బువ్వెవరు తినిపియ్యాలె?" అంది వదిన.

ఇద్దరూ నా వైపు చూశారు. నాకు బడి ఉందన్నాను. సెలవుల్లో కూడా నాకు బడే ఉండేది లెండి. ఆ మాటకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

వదిన ఆ రెండు గంటల కోసం వెతుక్కోలేదు. గుర్రాన్నే పనులకు వెంటబెట్టుకుని పోయింది. మొదట ఉత్త పగ్గంతో చేదబావి దాకా. కొన్నాళ్ళకు దాని వీపుకు అటొకటి ఇటొకటి ఖాళీ బిందెలు కట్టింది, చప్పుడుకు బెదరకుండా. కట్టెలకు పోయి వచ్చేటప్పుడు ఒక దుంగను దాని వెనక కట్టి ఈడ్పించేది, బరువు తెలియాలని. గానుగ దగ్గర నూనె పట్టే లోపల జూలు దువ్వేది. రేషను బియ్యమిచ్చే కంట్రోలు దుకాణం ముందు వరుసలో నిలబడి, ఒక్కో కాలే ఎత్తి గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీసేది.

"దీనికి గూడ కంట్రోలు బియ్యం రాపిస్తున్నవా ఏందే?" అని ఆడవాళ్ళు నవ్వేవారు.

"రాస్తె మంచిగనే ఉండు," అనేది తలెత్తకుండా.

నేనొకసారి జాలిపడ్డట్టు మాట్లాడితే, "తీరిక దొరుకుడు ఉండదు తమ్మీ, పనిల్నే కలుపుకోవాలె," అంది. ఆ మాట అంటూనే చీపురు అందుకుంది.

అన్న కుంటుతూ లేచి జట్కా కట్టిన నాడు నేనూ ఎక్కాను, కచేరీకి పోయే గుమాస్తా ఒకాయన కూడా ఎక్కాడు. గుర్రం చక్కగా సాగింది. చేదబావి రాగానే ఆగింది. అన్న అదిలించాడు, పగ్గం గుంజాడు, కొరడా కూడా ఝళిపించాడు. కదలలేదు. గుమాస్తా కాసేపు చూసి, "దీనికి గూడ ఇంటి పనులున్నయా?" అని దిగి నడిచిపోయాడు.

చివరికి దాన్ని పట్టుకుని ఇంటికి మళ్ళించుకొచ్చాం. అన్న మొహం ఎర్రబడింది. "గుర్రానికి పని నేర్పినవా, చెడగొట్టినవా? గిట్ల ఆగితె మన బండెవరు ఎక్కుతరు?"

వదిన జట్కా వెంట నడుస్తూ మాతో బావి దాకా వచ్చింది. గుర్రం మళ్ళీ ఆగింది. ఆమె దాని మెడకు నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడింది. కొంచెంసేపటికి తల తీసింది. గుర్రం నడిచింది.

"పనికి వచ్చిన కాడల్ల జర గిట్ల ఒరిగేదాన్ని," అంది మెల్లగా. "నాకు గదే కూసునుడు. గిది గూడ నేర్సుకునే ముచ్చటే అనుకున్నట్టుంది."

ఒకే ఇంట్లో ఉంటూ ఆమె అలసటను మేమిద్దరం ఎన్నడూ కనిపెట్టలేదు. గుర్రం కనిపెట్టింది.

అప్పటి నుంచి అన్న అది ఆగిన చోటల్లా దిగి, మెడ మీద అరచెయ్యి వేసి తీసేవాడు. గుర్రం దానికి ఒప్పుకుంది. ఎక్కినవాళ్ళూ అలవాటు పడ్డారు. ఇంట్లో పొయ్యి వెలిగింది. వదినకు మాత్రం పనులేమీ తగ్గలేదు, మేము తగ్గించలేదు.

పదోనాడు అయ్యాక నన్ను నా బడి ఉన్న ఊరికి దింపడానికి అన్న జట్కా కట్టాడు. చేదబావి దగ్గర గుర్రం ఆగింది. అన్న కుంటుతూ దిగి, అలవాటుగా చెయ్యి ఎత్తి, మళ్ళీ దించుకున్నాడు. మెల్లగా దాని మెడకు నుదురు ఆనించాడు. నేను జట్కాలో కూర్చుని చూస్తున్నాను. బావికి వచ్చిన ఆడవాళ్ళు బిందెలు నింపుకుని వెళ్ళిపోయారు, అన్న తల తీయలేదు. గుర్రం కదలకుండా నిలబడి ఉంది.